పొగమంచులో సైనిక విమానాన్ని మాటతో దించే ప్రిసిషన్ అప్రోచ్ రాడార్ ఎలా పనిచేస్తుంది?

యలహంకవాసి:

అందరికీ నమస్కారం. మేము ఉండేది బెంగళూరు యలహంక న్యూటౌన్‌లో, వైమానిక స్థావరానికి అంత దూరం కాని చోట. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మేడ మీదికి వెళితే ఎదురింటి నీళ్ల ట్యాంకు కూడా కనిపించనంతగా మంచు కమ్ముకుని ఉంటుంది. మొన్న అలాంటి వేళలోనే తల మీదుగా ఒక విమానం చప్పుడు వినిపించింది. అది ఎటు వెళ్లిందో తెలియలేదు గాని, ఇంతటి మంచులో దిగవలసి వస్తే పైలట్ ఏమి చేస్తాడన్న ప్రశ్న ఆ రోజంతా నన్ను వదలలేదు.

పౌర విమానాశ్రయాల్లో ఐఎల్ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్) ఉంటుందని, రేడియో కిరణాలను విమానంలోని పరికరం చదువుకుని దారి చూపుతుందని తెలుసు. సైనిక స్థావరాల్లో మాత్రం ప్రిసిషన్ అప్రోచ్ రాడార్ అనే మరో ఏర్పాటు ఉంటుందని, అందులో నేల మీది కంట్రోలర్ రాడార్ తెర చూస్తూ పైలట్‌కు మాటలతో దారి చెబుతాడని ఈ మధ్యే చదివాను. నాకున్న సందేహాలు రెండు. విమానం నేలకు ఎంత ఎత్తులో ఉందో కొన్ని అడుగుల తేడాతో చెప్పగలిగేంత సూక్ష్మత రాడార్‌కు ఎలా వస్తుంది? ఐఎల్ఎస్ వంటి సాధనం చేతిలో ఉండగా మనిషి గొంతు మీద ఆధారపడే పద్ధతిని సైన్యాలు ఇంకా ఎందుకు ఉంచుకున్నాయి? తెలిసినవారు తీరిక చేసుకుని వివరించగలరని కోరుతున్నాను.

నిర్వాహకులు:

మంచి అంశం. ఒక్క విన్నపం. ఏ స్థావరంలో ఏ పరికరం ఉంది, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడతారు, ఎప్పుడు ఎగురుతారు వంటి వివరాలు ఇక్కడ రాయవద్దు. పనిచేసే సూత్రం, చరిత్ర, అందరికీ అందుబాటులో ఉన్న అంతర్జాతీయ ప్రమాణాలు, స్థావరం పేరు చెప్పని స్వానుభవం వరకు నిరభ్యంతరంగా రాయవచ్చు.

జాలహళ్ళి పాతకాపు:

యలహంకవాసి గారూ, నేను వైమానిక దళంలో రాడార్ మరమ్మతు విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, పదవీ విరమణ తరువాత జాలహళ్ళిలో స్థిరపడినవాణ్ణి. మీ మొదటి సందేహంలోనే అసలు విషయం ఉంది కనుక అక్కడ కొంత ఎక్కువసేపు ఆగుతాను.

మామూలు నిఘా రాడార్‌కు గుండ్రంగా తిరిగే యాంటెన్నా ఒకటి ఉంటుంది. విమానం ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది గాని ఎంత ఎత్తున ఉందో సొంతంగా చెప్పలేదు. ఆ ఎత్తు విమానంలోని ట్రాన్స్‌పాండర్ (రాడార్ అడిగితే జవాబిచ్చే పరికరం) పంపితేనే తెలుస్తుంది. దించడానికి ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే దించేవాడు విమానం చెప్పిన ఎత్తును నమ్ముకోకూడదు, తానే కొలుచుకోవాలి. అందుకని దించే రాడార్‌లో రెండు యాంటెన్నాలు పెట్టారు. ఒకటి అడ్డంగా పొడవుగా ఉండి, నిలువుగా నిలబెట్టిన పలుచని రేకు లాంటి కిరణాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు విసనకర్రలా ఊపుతుంది. రెండోది నిలువుగా ఎత్తుగా ఉండి, పడుకోబెట్టిన రేకు లాంటి కిరణాన్ని పైకి, కిందికి ఊపుతుంది. మొదటిది విమానం రన్‌వే మధ్యరేఖకు ఏ పక్కన ఉందో చెబుతుంది. రెండోది దిగవలసిన వాలుకు పైన ఉందో కింద ఉందో చెబుతుంది. ఈ రాడార్ ఆకాశమంతా చూడదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పదో అనుబంధంలో చెప్పిన కనీస పరిధి అడ్డంగా 20 డిగ్రీలు, నిలువుగా 7 డిగ్రీలు, దూరం 9 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 17 కిలోమీటర్లు. ఆ చిన్న కిటికీలోని సమాచారం సెకనుకు ఒక్కసారైనా పూర్తిగా కొత్తది కావాలన్నది కూడా ప్రమాణమే.

కంట్రోలర్ ముందు ఒకే తెర మీద రెండు బొమ్మలు ఉంటాయి. పై బొమ్మ విమానాన్ని పక్క నుంచి చూసినట్టు, కింది బొమ్మ పై నుంచి చూసినట్టు ఉంటుంది. పై బొమ్మలో వాలు గీత, కింది బొమ్మలో మధ్యరేఖ ముందే గీసి ఉంటాయి. చుక్క ఆ రెండు గీతల మీదా ఉంటే విమానం సరైన చోట ఉన్నట్టు. దూరపు కొలత మాత్రం తెర మీద సమానంగా ఉండదు. రన్‌వే దగ్గరి మైళ్లు విశాలంగా, దూరపు మైళ్లు ఇరుకుగా ఉండేలా లాగరిథమిక్ పద్ధతిలో అమరుస్తారు. విమానం దగ్గరయ్యేకొద్దీ చిన్న తప్పు కూడా పెద్దగా కనబడాలి కదా, అందుకని.

ఇక సూక్ష్మత. ఎత్తు విషయంలో పొరపాటు యాంటెన్నా నుంచి విమానానికి ఉన్న దూరంలో 0.4 శాతాన్ని, దానికి తోడు విమానం వాలు నుంచి పక్కకు జరిగిన దూరంలో 10 శాతాన్ని మించకూడదు. ఆ మొత్తం 6 మీటర్లకన్నా తక్కువైతే 6 మీటర్లనే హద్దుగా తీసుకుంటారు. అడ్డంగా అయితే 0.6 శాతం, 9 మీటర్లు. ఈ అంకెలను మేము సంధ్యావందన మంత్రంలా కంఠస్థం చేసేవాళ్లం.

యాంటెన్నా:

పాతకాపు గారు చెప్పినదానికి భౌతికశాస్త్రం వైపు నుంచి కొంత చేరుస్తాను. నా ఉద్యోగం బెంగళూరులోనే, సూక్ష్మతరంగ యాంటెన్నాల రూపకల్పనలో.

ఈ రాడార్లు ఎక్కువగా ఎక్స్ బ్యాండ్‌లో, 9 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. అక్కడ తరంగదైర్ఘ్యం సుమారు 3.3 సెంటీమీటర్లు. కిరణం ఎంత సన్నగా ఉంటుందో చెప్పే మోటు లెక్క ఒకటుంది. తరంగదైర్ఘ్యాన్ని యాంటెన్నా పొడవుతో భాగించి 70తో గుణిస్తే డిగ్రీలు వస్తాయి. 4 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు 0.58 డిగ్రీలు అన్నమాట. ఒక నాటికల్ మైలు దూరంలో ఆ కిరణం మందం దాదాపు 19 మీటర్లు. మరి 6 మీటర్ల సూక్ష్మత ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. కిరణం విమానాన్ని ఒక్కసారి తాకి ఊరుకోదు, దాని మీదుగా ఊడ్చుకుంటూ పోతుంది. ఆ కొద్ది వ్యవధిలో అనేక పల్స్‌లు తగిలి, ప్రతిధ్వని మెల్లగా బలపడి, శిఖరానికి చేరి, మళ్లీ బలహీనపడుతుంది. ఆ శిఖరం ఎక్కడుందో పట్టుకుంటే కిరణం మందంలో చిన్న భాగం వరకు చోటు గుర్తించవచ్చు. దూరం కొలవడానికి పల్స్ ఎంత పొట్టిదైతే అంత మేలు. 0.2 మైక్రోసెకన్ల పల్స్ అయితే 30 మీటర్ల తేడాలో ఉన్న రెండు వస్తువులను విడదీసి చూపగలదు.

ఇందులో నిజంగా కష్టమైన భాగం నేల. విమానం కిందికి వచ్చేకొద్దీ దాని నుంచి తిరిగి వచ్చే తరంగం నేరుగా కొంత, నేలకు తగిలి కొంత వస్తుంది. నేలకు తగిలి వచ్చినది, చెరువు నీటిలో చెట్టు నీడ తలకిందులుగా కనిపించినట్టు, భూమి కింద మరో విమానం ఉన్నట్టు చూపుతుంది. కిరణం లావుగా ఉంటే అసలు విమానమూ నీడ విమానమూ కలిసిపోయి, చుక్క పైకీ కిందికీ గంతులు వేస్తుంది. నిలువు యాంటెన్నాను అంత ఎత్తుగా కట్టడానికి ప్రధాన కారణం ఇదే.

హెబ్బాళ విద్యార్థిని:

నేను ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. యాంటెన్నా గారూ, మంచు కూడా నీటి బిందువులే, వాన కూడా నీటి బిందువులే. మంచును దాటి చూడగలిగిన రాడార్ వానలో ఎందుకు ఇబ్బంది పడుతుందని మా తరగతిలో వాదన వచ్చింది. దయచేసి వివరించగలరా?

యాంటెన్నా:

తప్పకుండా. బిందువు వ్యాసం తరంగదైర్ఘ్యంకన్నా బాగా చిన్నదైనప్పుడు అది వెనక్కి తిప్పికొట్టే శక్తి వ్యాసానికి ఆరో ఘాతంలో మారుతుంది. వ్యాసం రెట్టింపైతే ప్రతిధ్వని 64 రెట్లవుతుంది. పొగమంచు బిందువు మిల్లీమీటరులో వందో వంతు నుంచి రెండు వందో వంతుల వరకు ఉంటుంది. వానచినుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. సంఖ్యలో మంచు బిందువులు ఎన్నో రెట్లు ఎక్కువైనా, ఆరో ఘాతం ముందు ఆ సంఖ్య నిలబడదు. కాబట్టి మన కంటికి తెల్లని గోడలా కనిపించే మంచు 3 సెంటీమీటర్ల తరంగానికి దాదాపు ఖాళీ ఆకాశమే. చెన్నైలో నవంబరు నెలలో కురిసే కుండపోత మాత్రం తెర మీద పెద్ద తెల్లని మచ్చలా వ్యాపించి, విమానం చుక్కను తనలో కలిపేసుకుంటుంది.

దీనికి వాడే ఉపాయం నాకు ఎంతో ఇష్టమైనది. తరంగాన్ని మర చుట్టు తిరిగినట్టు, అంటే వృత్తాకార ధ్రువణంతో పంపుతారు. చినుకు దాదాపు గుండ్రని వస్తువు కనుక, అద్దంలో కుడిచేయి ఎడమచేయిగా కనిపించినట్టు, దాని నుంచి తిరిగి వచ్చే తరంగం వ్యతిరేక దిశలో చుట్టు తిరుగుతుంది. పంపిన చుట్టునే స్వీకరించే యాంటెన్నా దాన్ని లోపలికి రానివ్వదు. విమానానికి రెక్కలు, తోక, అంచులు, మూలలు ఉంటాయి కనుక దాని ప్రతిధ్వనిలో రెండు రకాల చుట్లూ కలిసి ఉంటాయి, అందులో ఒక భాగం లోపలికి వస్తుంది. విమానం ప్రతిధ్వనిలోనూ కొంత పోతుంది గాని, వాన ప్రతిధ్వని అంతకన్నా చాలా ఎక్కువగా తగ్గుతుంది. కదిలే వస్తువులను మాత్రమే చూపే ప్రక్రియ కూడా ఉంది గాని, అది ప్రధానంగా నేల మీది కట్టడాలను తొలగించడానికి.

మేఘయాత్రికుడు:

నేను వైమానిక దళంలో రవాణా విమానాలు నడిపి విరమించినవాణ్ణి, ఇప్పుడు ఉండేది సహకారనగర్‌లో. తెరకు అవతలి వైపు నుంచి, అంటే కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి ఇది ఎలా ఉంటుందో చెప్పాలనిపించింది.

ఈశాన్య రాష్ట్రాల్లోని ఒక స్థావరానికి వర్షాకాలంలో ఒక రాత్రి చేరవలసి వచ్చింది. వాన తీవ్రంగా లేదు గాని మేఘం బాగా కిందికి దిగి ఉంది. నిఘా రాడార్ మమ్మల్ని రన్‌వేకు ఎదురుగా తెచ్చి దించే కంట్రోలర్‌కు అప్పగించింది. ఆయన మొదట మా గొంతు తనకు స్పష్టంగా వినిపిస్తున్నదో లేదో చూసుకున్నాడు, చక్రాలు దించామా అని అడిగాడు, ఆ తరువాత “డు నాట్ అక్నాలెడ్జ్ ఫర్దర్ ఇన్‌స్ట్రక్షన్స్” అన్నాడు. ఆ క్షణం నుంచి మేము మాట్లాడకూడదు, వినాలి. ఎందుకంటే మేము మాట్లాడే మీట నొక్కితే ఆయన గొంతు మాకు అందదు, ఆ సమయంలో మాకు కావలసింది ఆయన గొంతు ఒక్కటే.

“ఆన్ కోర్స్, ఆన్ గ్లైడ్ పాత్. స్లైట్లీ లెఫ్ట్ ఆఫ్ కోర్స్, టర్న్ రైట్ టూ డిగ్రీస్.” కోర్స్ అంటే మధ్యరేఖ, గ్లైడ్ పాత్ అంటే దిగే వాలు. ఇలా మాట ఆగకుండా వస్తూనే ఉంది. వైపర్ల చప్పుడు, పక్కన కో పైలట్ ఎత్తును అడుగుల్లో చదువుతున్న గొంతు, వీటన్నిటి మధ్య ఆ మాట మాత్రం ఎక్కడా హెచ్చలేదు, తగ్గలేదు. రెండు మైళ్ల దగ్గర మేము వాలుకు కొంచెం కిందికి జారాము. “స్లైట్లీ బిలో గ్లైడ్ పాత్” అన్నప్పుడు కూడా ఆయన గొంతులో తొందర లేదు, ముందు చెప్పిన పది మాటల్లాగే చెప్పాడు. నేను కంట్రోల్ కాలమ్‌ను చిటికెన వేలంత వెనక్కి లాగాను. కొన్ని సెకన్లకు “కమింగ్ బ్యాక్ టు గ్లైడ్ పాత్” అని వినిపించింది. దాదాపు 250 అడుగుల దగ్గర మేఘం చిరిగి, తడిసిన రన్‌వే దీపాలు రెండు వరసలుగా కిటికీ నిండా కనిపించాయి.

విమానం ఆపి నేరుగా రాడార్ బండి దగ్గరకు వెళ్లాను. కంట్రోలర్ చాలా చిన్న వయసువాడు. కాగితం మీద మాకు చెప్పిన హెడ్డింగులన్నీ (విమానం ముక్కు ఉంచవలసిన దిశలు) పెన్సిల్‌తో వరసగా రాసుకుని ఉన్నాడు. ఎనిమిది మైళ్ల దగ్గర మా ముక్కు రన్‌వే దిశకు 8 డిగ్రీలు పక్కకు తిప్పి ఉంచవలసి వచ్చింది, ఒక మైలు దగ్గర 3 డిగ్రీలు చాలింది. అంటే పై గాలి వేరు, కింది గాలి వేరు. మేఘంలో ఉన్న మాకు తెలియని గాలిని ఆయన మా కదలిక నుంచే కనిపెట్టి, ముందుగానే హెడ్డింగు తగ్గిస్తూ వచ్చాడు. ఈ పనిలో మాట నేర్పు కనిపిస్తుంది గాని, దాని వెనుక ఇంత లెక్క నడుస్తుందని నాకు ఆ రోజే అర్థమైంది.

పాత పుస్తకాల బీరువా:

దీని పుట్టుక కూడా తెలుసుకోదగినది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని ఎంఐటీ రేడియేషన్ లాబొరేటరీలో లూయిస్ ఆల్వరేజ్ ఈ ఆలోచన చేశారు. ఆయనకు తరువాత 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. విమానాలను కూల్చే తుపాకులకు గురి చూపే రాడార్ అప్పటికే చుక్కను తనంతట తాను వెంబడించగలిగేది. శత్రు విమానాన్ని కాల్చడానికి అంత కచ్చితంగా చోటు చెప్పగలిగినప్పుడు, మన విమానాన్ని దించడానికి ఎందుకు చెప్పలేదన్నది ఆయన ప్రశ్న. 1942లో ఆ తుపాకీ రాడార్‌తోనే ప్రయత్నిస్తే, విమానం కిందికి వచ్చేసరికి రాడార్ అసలు విమానాన్ని వదిలి నేలలోని నీడ వెంట పడేది. యాంటెన్నా గారు చెప్పిన చిక్కు అదే. అప్పుడు ఆల్వరేజ్ బృందం ఆ పద్ధతిని పక్కన పెట్టి, అడ్డానికి ఒకటి, నిలువుకు ఒకటిగా సన్నని కిరణాలు ఊడ్చే యాంటెన్నాలకు మారింది. నేటికీ మూల రూపం అదే. తొలి యంత్రాన్ని 1943లో ఇంగ్లండుకు తీసుకువెళ్లి పరీక్షించారు. దాని మీద పనిచేసిన బ్రిటిష్ వైమానిక దళ అధికారుల్లో, తరువాత సైన్స్ కల్పనా రచయితగా పేరుపొందిన ఆర్థర్ సి. క్లార్క్ ఒకరు. ఈ కృషికి ఆల్వరేజ్‌కు 1945 సంవత్సరపు కోలియర్ ట్రోఫీ అనే అమెరికా విమానయాన పురస్కారం ఇచ్చారు.

దీని విలువను లోకమంతా చూసినది బెర్లిన్‌లో. 1948 జూన్‌లో సోవియట్ యూనియన్ నేల దారులు మూసివేయగా, బొగ్గు నుంచి పిండి దాకా అన్నిటినీ విమానాల్లోనే మోసుకువెళ్లారు. 1949 సెప్టెంబరు దాకా 2 లక్షల 77 వేలకు పైగా ప్రయాణాలు సాగాయి. టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం చుట్టూ అపార్ట్‌మెంట్ భవనాలు, ఐరోపా చలికాలపు మంచు, నిమిషాల తేడాతో ఒకదాని వెనుక ఒక విమానం. 1948 ఆగస్టు 13న మబ్బులో విమానాలన్నీ ఒకదాని మీద ఒకటి పోగుపడి ప్రమాదాలు జరిగిన తరువాత, ఆ రవాణాను నడిపిన జనరల్ టన్నర్ ఒక నియమం పెట్టారు. మొదటి ప్రయత్నంలో దిగలేకపోయిన విమానం రెండోసారి ప్రయత్నించకుండా సరకుతో సహా తిరిగి వెళ్లిపోవాలి. ఆ నియమం నడవాలంటే మొదటి ప్రయత్నమే ఫలించాలి, అందుకు ఆధారం నేల నుంచి మాట్లాడే ఆ రాడార్ కంట్రోలర్లే.

మీనంబాక్కం గళం:

చర్చను ఆసక్తితో చదువుతున్నాను. నేను చెన్నైలో పౌర విమాన నియంత్రణలో పనిచేసినవాణ్ణి కనుక, ఒక అభ్యంతరాన్ని గౌరవంగానే ముందుంచుతాను.

పాత పద్ధతిలో ఒక కంట్రోలర్ ఒక సమయంలో ఒక విమానాన్నే దించగలడు. ఆ కొన్ని నిమిషాలు ఆ ఫ్రీక్వెన్సీ ఆయనకే కేటాయించాలి. ఐఎల్ఎస్ అయితే కొన్ని మైళ్ల ఎడంతో వరసగా విమానాలు వస్తూనే ఉంటాయి, ఎవరూ నోరు మెదపనక్కరలేదు. పౌర విమానయానం ఐఎల్ఎస్‌నే ఎంచుకోవడానికి కారణం అదే. పైగా మాటతో దించడమన్నది నిత్యం సాధన చేస్తేనే నిలిచే విద్య. నెలకు నాలుగు విమానాలు కూడా దించని కంట్రోలర్‌కు, మంచు కమ్మిన రోజున ఆ నేర్పు హఠాత్తుగా ఎక్కడి నుంచి వస్తుంది? మన సైన్యం కూడా అటే నడుస్తున్నట్టుంది. వైమానిక స్థావరాల ఆధునికీకరణ పథకం మొదటి దశలో 30 స్థావరాల్లో, 2020 మే నెలలో సుమారు 1,200 కోట్ల రూపాయలతో ఒప్పందం కుదిరిన రెండో దశలో మరో 37 స్థావరాల్లో రెండో తరగతి ఐఎల్ఎస్ (చూపు ఇంకా తక్కువగా ఉన్నా దించగలది), దానికి తగిన దీపాలు ఏర్పాటు చేయాలన్నది నిర్ణయం. ఇక రాడార్ బండి మీద అదనంగా ఖర్చు పెట్టడం అవసరమా?

జాలహళ్ళి పాతకాపు:

గళం గారూ, మీ అభ్యంతరంలో సగం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. సాధన లేని కంట్రోలర్ ప్రమాదకరం. అందుకే ఎండ కాస్తున్న రోజుల్లో కూడా పైలట్ల చేత ఈ పద్ధతిలో దిగే అభ్యాసం చేయిస్తారు. ఒక విమానమే అన్న పరిమితి మాత్రం యంత్రం తరం మారినకొద్దీ సడలింది. యాంటెన్నాను మోటారుతో ఊపకుండా కిరణాన్నే ఎలక్ట్రానిక్ పద్ధతిలో తిప్పే రాడార్‌ను అమెరికా వైమానిక దళం 1970లలోనే వాడుకలోకి తెచ్చింది. అది ఒకేసారి పలు విమానాలను వెంబడించగలదు.

ఐఎల్ఎస్ వద్దని నేను అనను, రెండూ ఉండాలంటాను. ఐఎల్ఎస్ యాంటెన్నాలు రన్‌వేకు పాతుకుపోయి ఉంటాయి. వాలు చూపే కిరణం ముందున్న నేల మీద ప్రతిఫలించి రూపుదిద్దుకుంటుంది కనుక ఆ నేలను చదునుగా ఉంచాలి, అక్కడ లారీ నిలిపినా కిరణం వంగుతుంది. రన్‌వే రెండు కొసలకూ వేరువేరుగా కట్టాలి. యుద్ధంలో రన్‌వే సగం దెబ్బతిని, మిగిలిన సగం మీద లేదా ట్యాక్సీ దారి మీద దిగవలసి వస్తే అది చూపే దారి పనికిరాదు. రాడార్ బండి అలా కాదు. దాన్ని తిరుగుడు బల్ల మీద నిలిపితే రెండు కొసలనూ చూడగలదు, అవసరమైతే లాక్కెళ్లి మరోచోట నిలిపి, గీతలు మళ్లీ అమర్చుకుంటే చాలు. ఉపగ్రహ సంకేతాలను శత్రువు జామ్ చేయవచ్చన్నది ఇప్పుడు రహస్యం కాదు. అన్నిటినీ మించి, దెబ్బ తిని వస్తున్న విమానంలో పరికరాలు ఏవి బతికి ఉన్నాయో ముందుగా చెప్పలేము. ఒక్క రేడియో బతికి ఉంటే చాలు, ఈ రాడార్ దాన్ని దించగలదు. ఈ వెసులుబాటు మరి దేనికీ లేదు.

నేర్పు కంట్రోలర్‌కు ఒక్కడికే ఉంటే సరిపోదని చెప్పడానికి నా అనుభవం ఒకటి రాస్తాను. రన్‌వే పక్కన తెలిసిన చోట్ల రిఫ్లెక్టర్లు నిలబెడతారు. మూడు లోహపు పలకలు ఒకదానికొకటి లంబంగా, గది మూలలా అతికించి ఉంటాయి. కిరణం ఎటు నుంచి వచ్చినా వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. ప్రతి ఉదయం మా మొదటి పని వాటి చుక్కలు తెర మీద నిర్ణయించిన గుర్తుల్లో పడుతున్నాయో లేదో చూడడం. ఒకరోజు తెల్లవారుజామున ఒక చుక్క గుర్తుకు పక్కగా పడింది. కొంతసేపటికి విమానాలు రావాలి, గీతను మీట తిప్పి చుక్క మీదికి జరిపితే క్షణంలో సరిపోతుందని తోటివాడు అన్నాడు. నాకు మనసు ఒప్పలేదు. టార్చి పట్టుకుని మంచుకు తడిసిన గడ్డిలో నడిచి వెళ్లి చూశాను. రిఫ్లెక్టర్ నిటారుగానే ఉంది, పలకలు శుభ్రంగానే ఉన్నాయి. కాని దాని కాళ్ల కింద గడ్డి పచ్చగా ఉంది. రెండు మీటర్ల అవతల మూడు కాళ్ల గుంటలు, నలిగి పసుపెక్కిన గడ్డి కనిపించాయి. ముందురోజు గడ్డి కోసే ట్రాక్టరు తగిలి పడిపోతే, నడిపేవాడు మంచి మనసుతోనే దాన్ని లేపి, పక్కన నిలబెట్టి వెళ్లాడు.

రిఫ్లెక్టర్ మా యాంటెన్నాకు సుమారు 900 మీటర్ల దూరంలో ఉండేది. అక్కడ రెండు మీటర్ల తప్పంటే, గీతను జరిపి ఉంటే, ఐదు మైళ్ల దూరంలో మా మధ్యరేఖ 20 మీటర్లకు పైగా పక్కకు జరిగేది. తెర మీద మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపించేవి, కంట్రోలర్ నిండు నమ్మకంతో “ఆన్ కోర్స్” అని చెబుతూ ఉండేవాడు. రాడార్ వాడుకలో లేదని పుస్తకంలో రాసి, కోణాలు కొలిచే థియోడొలైట్‌తో మళ్లీ కొలిచి నిలబెట్టేదాకా విమానాలను ఆపించాను. ఆలస్యానికి మాటలు పడ్డాను, దానికి బాధ లేదు.

మీనంబాక్కం గళం:

పాతకాపు గారూ, దెబ్బతిన్న రన్‌వే, దెబ్బతిన్న విమానం గురించి మీరు చెప్పినది మా పౌర లెక్కల్లోకి రాని విషయం. అక్కడ నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. సాధన తరిగిపోవడం గురించిన ఆందోళన మాత్రం నాకు అలాగే ఉంది.

యలహంకవాసి:

అడిగిన దానికి ఎన్నో రెట్లు తెలిసింది, అందరికీ కృతజ్ఞతలు. ఒక్క రేడియో చాలన్నారు కదా. దిక్సూచి కూడా పాడైతే హెడ్డింగు చెప్పి లాభమేమిటి? ఆ రేడియో కూడా మధ్యలో మూగబోతే?

మేఘయాత్రికుడు:

దిక్సూచి పోతే కంట్రోలర్ అంకెలు చెప్పడు. “టర్న్ రైట్” అంటాడు, మేము నిర్ణయించిన వేగంతో తిరగడం మొదలుపెడతాము. “స్టాప్ టర్న్” అనగానే ఆపుతాము. ఎన్ని సెకన్లు తిప్పితే ఎన్ని డిగ్రీలు తిరుగుతామో ఆయనే లెక్క పెట్టుకుంటాడు. మామూలుగా సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరిగే మేము, చివరి అంచెలో దానిలో సగం వేగంతోనే తిరుగుతాము. కాబట్టి 3 డిగ్రీలు సరిచేయాలంటే ఆయన రెండు సెకన్లలో “స్టాప్” అనాలి. ఆజ్ఞ అందగానే కదలాలన్నది మా వంతు.

రేడియో మూగబోయే అవకాశానికి ముందే ఏర్పాటు ఉంటుంది. చివరి అంచెలో ఐదు సెకన్లపాటు మాట వినిపించకపోతే సంబంధం తెగినట్టే లెక్క. అప్పుడు ఏమి చేయాలో దిగడం మొదలుపెట్టక ముందే కంట్రోలర్ చెప్పి ఉంచుతాడు. మంచులో ఉంటే ఇంజన్ల శక్తి పెంచి పైకి లేవడమే. అందుకే చెప్పడానికి కొత్త సంగతి లేకపోయినా ఆయన “ఆన్ కోర్స్, ఆన్ గ్లైడ్ పాత్” అని మళ్లీ మళ్లీ అంటూనే ఉంటాడు. అది వినేవారికి పునరుక్తిలా తోస్తుంది గాని, మాకు అది రేడియో బతికి ఉందన్న కబురు కూడా.

హెబ్బాళ విద్యార్థిని:

పాతకాపు గారూ, నేను కంప్యూటర్‌లో ఒక చిన్న నమూనా తెర తయారు చేయాలనుకుంటున్నాను. వాలు గీతను ఏ అంకెలతో మొదలుపెట్టాలో చెప్పగలరా?

జాలహళ్ళి పాతకాపు:

సంతోషం అమ్మా. వాలు 3 డిగ్రీలు పెట్టుకో. నేల తాకే చోటు నుంచి ఒక నాటికల్ మైలుకు 318 అడుగుల ఎత్తు వస్తుంది. నేల మీద వేగం 120 నాట్లయితే నిమిషానికి రెండు మైళ్లు, అంటే నిమిషానికి సుమారు 637 అడుగులు దిగాలి. పైలట్లు నాట్ల వేగాన్ని 5తో గుణించి 600 అని మనసులో లెక్క వేసుకుంటారు, మిగిలినది కంట్రోలర్ మాటతో సరిచేసుకుంటారు.

మన ఊరిలోనే దిగుతున్నట్టు చేస్తే ఇంకా బాగుంటుంది. పాత హెచ్ఏఎల్ విమానాశ్రయం సముద్ర మట్టానికి 2,912 అడుగుల ఎత్తున ఉంది. ఆల్టీమీటర్‌ను సముద్ర మట్టానికి అమర్చుకున్న పైలట్‌కు ఒక మైలు దగ్గర 3,230 కనిపించాలి. 200 అడుగుల దగ్గర దీపాలు కనిపించకపోతే పైకి లేవాలన్న నియమం పెట్టుకుంటే, ఆ అంకె 3,112. ఈ ఎత్తున గాలి పలుచన కనుక స్పీడోమీటర్ ఒకే అంకె చూపినా చెన్నైలోకన్నా ఇక్కడ నేల మీద వేగం నాలుగైదు శాతం ఎక్కువగా ఉంటుంది, దిగే వేగాన్ని ఆ మేరకు పెంచి రాసుకో. రెండు, నాలుగు, ఆరు మైళ్ల దగ్గరి ఎత్తులు నువ్వే కట్టి ఇక్కడ పెట్టు, నేను చూస్తాను. చుక్కను మాత్రం మొదట కొంచెం ఎడమగా, వాలుకు కొంచెం కిందగా ఉంచి మొదలుపెట్టు, సరిచేయడం అక్కడి నుంచే నేర్చుకోవాలి.